ఐదుగురి కోసం నూరేళ్ల వేట

బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక జట్టు తరఫున దిగేది ఐదుగురే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎంతటి మొనగాడైనా మిగతా పదిమంది తోడు లేకపోతే చేసేదేమీ ఉండదు. ఇక్కడ అలా కాదు. ఏడడుగుల కుర్రాడొక్కడు చేరితే చాలు, నిన్నటిదాకా పొరుగు రాష్ట్రానికి కూడా తెలియని కాలేజీ జాతీయ టోర్నీ జరిగే మార్చి నెలంతా టీవీలో కనిపిస్తుంది. అందుకే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కథను కప్పుల లెక్కతో చెప్పడం కన్నా, ఆ కుర్రాళ్లను ఎవరు ఎలా తెచ్చుకున్నారన్న లెక్కతో చెప్పడం సబబు. ఈ లెక్కలో డబ్బు మొదటినుంచీ ఉంది. మారుతూ వచ్చింది వేరే సంగతి: వచ్చిన కుర్రాడికి ఇష్టం లేకపోతే వెళ్లిపోయే వీలుందా, లేదా?

ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్‌కు ఈ బెంగ లేదు. 1891 డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచ్ పళ్ల బుట్టలు గోడకు కొట్టించిన ఆయన, తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో కోచ్ అయ్యాడు. 55 గెలిచాడు, 60 ఓడాడు. గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ కాన్సస్ చరిత్రలో ఆయనొక్కడే! గెలిచే విద్య ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్‌కు అబ్బింది. 1955లో ఫిలడెల్ఫియా కుర్రాడు విల్ట్ చాంబర్లేన్ కోసం రెండు వందలకు పైగా కాలేజీలు వెంటపడితే, అతణ్ని కాన్సస్‌కు రప్పించింది ఆలెనే. అయినా 1957 ఫైనల్లో చాంబర్లేన్ జట్టు మూడు ఓవర్‌టైమ్‌లు ఆడి 54-53తో నార్త్ కరోలినా చేతిలో ఓడింది. ఆ నార్త్ కరోలినా కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ న్యూయార్క్‌వాడు. తన తొలి ఐదుగురినీ న్యూయార్క్ చుట్టుపక్కల నుంచే పట్టుకెళ్లాడు. దక్షిణాదిలో ఆట, ఉత్తరాదిలో వేట.

దీనికి ముందే ఒక పెద్ద దెబ్బ తగిలింది. న్యూయార్క్ సిటీ కాలేజీలో అప్పట్లో ఫీజు లేదు. చదువుకునేవాళ్లు ఎక్కువగా వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు, కొందరు నల్లజాతి పిల్లలు. ఆ కాలేజీ 1950లో దేశస్థాయి టోర్నీలైన ఎన్ఐటీ, ఎన్‌సీఏఏ రెండూ ఒకే ఏడాది గెలిచింది. ఆ ఘనత ఇప్పటికీ ఇంకెవరికీ లేదు. మరుసటి ఫిబ్రవరిలో ఆ హీరోలే జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నారని అరెస్టయ్యారు. జూదగాళ్లు మ్యాచ్ ఓడిపొమ్మని అడగరు. పది పాయింట్లతో గెలవాల్సిన చోట నాలుగుతో గెలవమంటారు, అంతే. కాలేజీ పరువూ పోదు, జేబులోకి డబ్బూ వస్తుంది. తీగ లాగితే బ్రాడ్లీ, టొలీడో, కెంటకీ దాకా డొంక కదిలింది. కెంటకీకి 1952-53 సీజన్ మొత్తం పోయింది. సిటీ కాలేజీలో బయటపడ్డ ఇంకో సంగతి నాకు జూదం కన్నా ముఖ్యంగా తోస్తుంది. కొందరు ఆటగాళ్లకు సీటివ్వడానికి వాళ్ల హైస్కూల్ మార్కుల రికార్డులే దిద్దేశారు. బుకీ గేటు దగ్గరికి రాకముందే ఆఫీసు గదిలో మోసం మొదలైందన్నమాట.

ఆ 1951లోనే వాల్టర్ బయర్స్ కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ పగ్గాలు చేతబట్టి 1987 దాకా వదల్లేదు. ఆట ప్రతిభకే స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చని 1956లో ఒప్పుకున్నారు. ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు. చిల్లర ఖర్చులకు కొంత. అంతకు మించి ముట్టకూడదు. తర్వాత ఒక్కొక్కటిగా ముళ్లు బిగిశాయి. 1964లో వచ్చిన లెటర్ ఆఫ్ ఇంటెంట్ మీద హైస్కూల్ కుర్రాడు సంతకం పెడితే ఇక ఆ కాలేజీకే కట్టుబడాల్సి వచ్చేది. కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. కాలేజీకి మాత్రం ఏ కట్టూ లేదు. 1973లో నాలుగేళ్ల స్కాలర్‌షిప్‌ను ఏటా పొడిగించేదిగా మార్చారు. మోకాలు దెబ్బతిన్నవాడికి, కొత్త కోచ్‌కు నచ్చనివాడికి మరుసటి ఏడాది రాకపోవచ్చు. కోచ్ అయితే రాత్రికి రాత్రే ఎక్కువ జీతమిచ్చే చోటికి వెళ్లిపోవచ్చు. దీన్నే అమెచ్యూర్ ఆదర్శమని దశాబ్దాల పాటు కొనియాడారు. పదవి దిగాక బయర్స్ తానే ఈ వ్యవస్థను దుయ్యబడుతూ 1995లో పుస్తకం రాశాడు. ముప్పై ఆరేళ్లు నడిపినాయనకు ఆ జ్ఞానోదయం కాస్త ఆలస్యంగానే అయింది.

ప్రతిభ ఎదురుగా ఉన్నా చూడనివాళ్ల కథ ఇంకొకటి. ఓక్లండ్‌లోని మెక్‌క్లైమండ్స్ హైస్కూల్ నుంచి వచ్చిన బిల్ రసెల్‌కు స్కాలర్‌షిప్ ఇస్తామన్నది యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో ఒక్కటే. వాళ్లకు అతను 1955, 1956 టైటిళ్లు రెండూ తెచ్చిపెట్టాడు. దక్షిణాది కాలేజీలైతే నల్లజాతి పిల్లల వైపు కన్నెత్తి చూసేవే కావు. 1963లో మిసిసిపీ స్టేట్ జట్టు, నల్లజాతి ఆటగాళ్లున్న లొయోలా షికాగోతో ఆడటానికి సొంత రాష్ట్రం నుంచి దొంగచాటుగా బయటపడాల్సి వచ్చింది. 1966 ఫైనల్లో టెక్సస్ వెస్టర్న్ కోచ్ డాన్ హాస్కిన్స్ ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లతో మొదలుపెట్టి, అంతా తెల్లవాళ్లే ఉన్న కెంటకీని 72-65తో ఓడించాడు. డెట్రాయిట్, న్యూయార్క్, గేరీ, హ్యూస్టన్ వీధుల్లో పెద్ద కాలేజీలు వదిలేసిన పిల్లల్ని ఎడారి అంచున ఉన్న ఎల్ పాసోకు తెచ్చుకున్న జట్టది. దీన్ని నీతికథలా చెప్పుకోవడం అలవాటైంది. దక్షిణాది మనసు మార్చింది న్యాయబుద్ధి కంటే ఓటమి భయమని నా అభిప్రాయం. అదీ వెంటనే కాదు. కెంటకీ తరఫున తొలి నల్లజాతి ఆటగాడు కోర్టులో దిగింది 1970లో. ఈ మార్పుకు మూల్యం చెల్లించినవాళ్ల సంగతి ఎవరూ పెద్దగా తలవరు. నల్లజాతి కాలేజీ విన్‌స్టన్-సేలమ్ స్టేట్‌లో క్లారెన్స్ గెయిన్స్ కోచింగ్‌లో 1967 దాకా ఆడిన ఎర్ల్ మన్రో లాంటివాళ్లు, ఆ తర్వాత అటువైపు రావడం తగ్గిపోయింది. తలుపులు తెరుచుకున్నది పెద్ద కాలేజీలకు, ఖాళీ అయింది వీళ్ల జట్లు.

అదే కాలంలో యూసీఎల్ఏలో జాన్ వుడెన్ 12 ఏళ్లలో 10 టైటిళ్లు కొట్టాడు. క్రమశిక్షణ, సాక్సులు ఎలా తొడుక్కోవాలో నేర్పిన ఓపిక గురించి చెప్పేవాళ్లు 1965 నవంబర్ సాయంత్రం గురించి కూడా చెప్పాలి. మొదటి ఏడాది విద్యార్థులు అప్పట్లో అసలు జట్టులో ఆడకూడదు. న్యూయార్క్ నుంచి అప్పుడే వచ్చిన లూ ఆల్సిండర్ (తర్వాతి కరీం అబ్దుల్ జబ్బార్) ఉన్న ఫ్రెష్‌మెన్ జట్టు, వరుసగా రెండేళ్లు దేశ ఛాంపియన్లైన సొంత సీనియర్లను 75-60తో చిత్తు చేసింది. దేశంలోకెల్లా మేటి జట్టు ఆ ఏడాది బెంచి బయటే కూర్చుంది. జట్టు చుట్టూ తిరిగిన సంపన్న అభిమాని సామ్ గిల్బర్ట్ ఆటగాళ్లకు చేసిన మేళ్ల గురించి విన్నవాళ్లు చాలామందే. ఎన్‌సీఏఏ చర్య మాత్రం వుడెన్ రిటైరయ్యాక, 1981లో వచ్చింది.

వేట ముదిరేకొద్దీ చదువు సాకుగా మిగిలింది. కెవిన్ రాస్ 1978లో ఒమాహాలోని క్రైటన్ యూనివర్సిటీలో చేరాడు. ప్రవేశ పరీక్షలో అతనికి వచ్చింది 36కి 9. సిరామిక్స్, తుపాకీ గురి, బాస్కెట్‌బాల్ సిద్ధాంతం లాంటి కోర్సులు తీసుకోమని అథ్లెటిక్ విభాగమే సలహా ఇచ్చిందని అతను తర్వాత వేసిన కేసులో చెప్పాడు. నాలుగేళ్ల తర్వాత డిగ్రీకి కావాల్సిన 128 క్రెడిట్లలో 96 చేతికొచ్చాయి. చదవడం ఏడో తరగతి స్థాయిలో, మొత్తమ్మీద భాష నాలుగో తరగతి స్థాయిలో ఉన్నాయి. అప్పుడతను షికాగోలోని ఒక ప్రైవేటు బడిలో చేరి చిన్నపిల్లల పక్కన కూర్చుని మళ్లీ చదువుకున్నాడు. ఇలాంటివి బయటపడ్డాక 1986 నుంచి కనీస మార్కుల నిబంధన అమలైంది. దాన్ని ఇంకా బిగిస్తే పేద నల్లజాతి పిల్లలకు కాలేజీ తలుపే మూసుకుపోతుందని 1989 జనవరిలో జార్జ్‌టౌన్ కోచ్ జాన్ థాంప్సన్ మ్యాచ్ మొదలుకాకముందే కోర్టు వదిలి నడిచి వెళ్లిపోయాడు. నా మట్టుకు నిబంధన పెట్టినవాళ్ల వాదనలోనూ, థాంప్సన్ వాదనలోనూ నిజముంది. తప్పు పరీక్షది కాదు, సీటిచ్చి చదువు చెప్పని కాలేజీది.

డబ్బు ఎంత బాహాటంగా తిరిగేదో 1988లో ఒక కొరియర్ కవరు చూపించింది. కెంటకీ బాస్కెట్‌బాల్ ఆఫీసు నుంచి ఒక లాస్ ఏంజెలెస్ ఆటగాడి తండ్రి పేరిట వెళ్లిన పార్సెల్ దారిలో విప్పుకుంది. లోపల వీడియో క్యాసెట్టు, దాంతోపాటు వెయ్యి డాలర్లు. కెంటకీపై రెండేళ్లు టోర్నీ నిషేధం పడింది.

ఆపైన కథ వేగం అందుకుంది. 1991లో మిషిగన్ ‘ఫ్యాబ్ ఫైవ్’ అనే ఐదుగురు ఫ్రెష్‌మెన్ వచ్చి రెండు ఫైనల్స్ ఆడారు. బ్యాగీ నిక్కర్లు దేశమంతా అమ్ముడుపోయాయి. వారిలో క్రిస్ వెబర్‌కు ఒకడు డబ్బిచ్చిన సంగతి తేలాక యూనివర్సిటీయే ఆ బ్యానర్లు దించేసింది. బూట్ల కంపెనీల సమ్మర్ క్యాంపులు హైస్కూల్ కోచ్ మాటను పక్కకు నెట్టాయి. 2006 డ్రాఫ్ట్ నుంచి ఎన్‌బీఏ 19 ఏళ్ల నిబంధన పెట్టడంతో ఏడాది ఆడి వెళ్లిపోయేవాళ్ల కాలం మొదలైంది. అలాంటివాళ్లతోనే కెంటకీ 2012లో ఛాంపియనైంది. 2017లో ఎఫ్‌బీఐ లంచాల కేసులో పదిమందిని అరెస్టు చేసింది, అందులో నలుగురు అసిస్టెంట్ కోచ్‌లు.

మహిళల ఆటలో ఈ తొందర తక్కువ. డబ్ల్యూఎన్‌బీఏలో చేరాలంటే అమెరికా విద్యార్థినులు మామూలుగా నాలుగేళ్లు ఆగాలి. అందుకే అయోవా అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ సొంత రాష్ట్రంలోనే నాలుగేళ్లు ఆడింది. పోటీ లేదని కాదు. మాయా మూర్‌ను కనెక్టికట్ తీసుకున్న తీరుపై టెన్నెసీ ఫిర్యాదు చేసింది. 2007లో కోచ్ ప్యాట్ సమిట్ ఏటా జరిగే కనెక్టికట్ మ్యాచ్‌ను ఆపేసింది. కారణం బహిరంగంగా చెప్పలేదు.

ముళ్లన్నీ ఊడింది ఇటీవలే. వీడియో గేములో తనలాంటి బొమ్మ చూసుకున్న మాజీ ఆటగాడు ఎడ్ ఒబానన్ 2009లో ఎన్‌సీఏఏపై కేసు వేశాడు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏను ఓడించింది. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో అమ్ముకోవచ్చు. కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునేందుకు 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌కు, ఏడాది కూర్చోనక్కర్లేదన్న 2021 సడలింపు తోడైంది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదం పొందిన రాజీ ఒప్పందం ప్రకారం ఒక్కో కాలేజీ తొలి ఏడాది సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా తన ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. విదేశీ ఆటగాళ్లకు ఇక్కడో చిక్కు. వాళ్లదీ ఎఫ్-1 వీసాయే. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదన్న నిబంధన డాలస్‌లో ఎంఎస్ చదివే మన పిల్లలకెంతో ఏడడుగుల సెంటర్‌కూ అంతే. అందుకే కెంటకీకి ఆడిన కాంగో ఆటగాడు ఆస్కర్ షీబ్వే 2022లో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ప్రకటనల పని చేసుకున్నాడు.

ఇప్పుడు కోచ్‌ల బెంగ తిరగబడింది. ఒకప్పుడు కుర్రాడు వస్తాడా అని, ఇప్పుడు ఉంటాడా అని. 2023లో ఫైనల్ ఫోర్ చేరి అబ్బురపరిచిన ఫ్లోరిడా అట్లాంటిక్ జట్టును కోచ్ డస్టీ మే మరుసటి ఏడాది మిషిగన్‌కు వెళ్లి వదిలేశాడు, సెంటర్ వ్లాడ్ గోల్డిన్ వెంట నడిచాడు. 2025 టోర్నీలో చివరి పదహారు జట్లూ నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌ల నుంచే వచ్చాయి. కప్పు గెలిచిన ఫ్లోరిడాకు ఆయువుపట్టు వాల్టర్ క్లేటన్ జూనియర్, చిన్న కాలేజీ ఐయోనా నుంచి వచ్చినవాడు. ఇరవై రెండేళ్ల ఆరితేరిన ఆటగాడు పోర్టల్‌లో దొరుకుతుంటే, పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని తెచ్చి పెంచే ఓపిక ఎవరికుంటుంది? హైస్కూల్ పిల్లలకు అవకాశాలు కుదించుకుపోతున్నాయి. నష్టం నిజమే. అయినా పాత సంకెళ్లు తిరిగి వేయమనే కోచ్‌ల గొంతు నాకు ముచ్చటగా వినబడదు. వాళ్లకు ఏనాడూ ఆ సంకెళ్లు లేవు.

వెళ్లిపోగల స్వేచ్ఛ చిన్న కాలేజీని ఎలా కుదిపేస్తుందో చూడటానికి నార్త్ కరోలినాలోని డేవిడ్‌సన్ చాలు. తండ్రి ఆడిన వర్జీనియా టెక్ స్కాలర్‌షిప్ లేకుండా రమ్మంటే, ఓ బక్కపలచని కుర్రాడు డేవిడ్‌సన్‌లో చేరాడు. 2008లో గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్‌లను దాటించి, కాన్సస్ చేతిలో రెండు పాయింట్లతో ఓడేదాకా జట్టును లాక్కెళ్లాడు. మూడో ఏడాదీ అక్కడే ఆడాడు. ఇవాళైతే ఆ ఓటమి మర్నాడే పెద్ద కాలేజీల నుంచి ఫోన్లు మోగేవి. అలాంటి ఫోన్లకు జవాబు చెప్పుకోవడానికి కాలేజీలు ఇప్పుడు ఎన్‌బీఏ తరహాలో జనరల్ మేనేజర్లను పెట్టుకుంటున్నాయి. డేవిడ్‌సన్ 2025 మార్చిలో అసిస్టెంట్ జనరల్ మేనేజర్‌గా తీసుకున్నది ఆ కుర్రాణ్నే, స్టెఫెన్ కర్రీని.