కదిరి గుట్టలకి ఒక సారు కావాలి

కదిరి పక్క పల్లెలో ఎవరైనా పిల్లోడు "నేను కొండల్లో సైకిల్ తొక్కడం నేర్చుకుంటా, చలికాలం మంచు మీద స్కీయింగ్ నేర్పిస్తా, అదే నా ఉద్యోగం" అన్నాడనుకోండి. ఇంట్లో మొదట వచ్చే మాట ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "అది కూడు పెడతాదా నాయనా?"

నవ్వేసి ఊరుకునే ప్రశ్న కాదది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర్లో వాన పడే చోట, అదీ పడాల్సినప్పుడు పడని చోట, ఏ పనినైనా ఈ ప్రశ్నతోనే కొలుస్తారు. మేం ఇంజనీరింగ్‌లో చేరినప్పుడూ ఇదే అడిగారు. కాకపోతే అప్పటికే ఊళ్లోంచి బెంగుళూరు పోయి ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి జవాబు కళ్లముందే ఉండేది. మరి మంచు ఆటలకీ, కొండ సైకిళ్లకీ ఆ జవాబు ఎక్కడ పుట్టింది? నాలుగైదు చోట్ల చరిత్ర తిరగేస్తే నాకు ఒకటే విషయం కనిపించింది. ఎక్కడైనా సరే, ముందు బతుకుతెరువు దొరికింది ఛాంపియన్‌కి కాదు, నేర్పేవాడికీ, దారి చూపేవాడికీ.

ఆల్ప్స్ కొండల్లో షామొనీ అని ఒక లోయ ఉంది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. 1786లో మోబ్లాఁ శిఖరం మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో ఒకాయన డాక్టరు, రెండో ఆయన జాక్ బాల్మా. ఈ బాల్మా కొండల్లో స్ఫటికాలు ఏరి అమ్ముకునే పల్లెటూరి మనిషి. తరవాత పై ఊళ్ల నుంచి డబ్బున్నవాళ్లు కొండ చూడటానికి రావడం మొదలైంది. దారి తెలిసిన రైతులు వాళ్లని తీసుకెళ్లి కూలి పుచ్చుకున్నారు. 1821లో ఈ గైడ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆస్ట్రియాలో హానెస్ ష్నైడర్ 1921లో సాంక్ట్ ఆంటోన్ ఊళ్లో స్కీ బడి పెట్టాడు. అంతకుముందు స్కీయింగ్ వచ్చినవాళ్లు ఉన్నారు గానీ, మొదటి పాఠం ఇది, రెండో పాఠం ఇది అని వరస పెట్టి నేర్పే పద్ధతి ఆయన బడితోనే ఊరూరా పాకింది.

సైకిల్ కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కో పక్కన మరీన్ కౌంటీ కుర్రాళ్లు కొందరు, 1930ల, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్లు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి, కొండ మీదికి చేర్చి, మట్టిదారిలో కిందికి వదిలేవాళ్లు. 1976 అక్టోబరు 21న గడియారం పెట్టి మొదటి పందెం కట్టారు. ఆ దారి పేరు రీప్యాక్. ఆ సైకిళ్లకి బ్రేకు వెనక చక్రం హబ్బులోనే ఉండేది. కిందికి చేరేసరికి గ్రీజంతా కాలిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది, అందుకే ఆ పేరు! 1977లో జో బ్రీజ్ అచ్చంగా కొండల కోసం ఫ్రేము చేశాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ ఇలాంటి సైకిళ్లు అమ్మే కంపెనీ పెట్టారు. 1990లో ప్రపంచ ఛాంపియన్‌షిప్, 1996లో అట్లాంటా ఒలింపిక్స్. ఇరవై ఏళ్లలో పాత ఇనప సామాను ఒలింపిక్స్‌కి చేరింది. మొదట్లో అక్కడా డబ్బులొచ్చింది పందేల్లో కాదు, ఫ్రేములు అతకడంలో, రిపేర్లలో, అమ్మకంలో.

ఈ రెండు ఆటల్నీ కలిపి ఎందుకు చెప్తున్నానంటే, బయటి దేశాల్లో అవి కలిసే బతుకుతున్నాయి. కెనడాలోని విస్లర్ లాంటి చోట చలికాలం స్కీయర్లని పైకి మోసే లిఫ్టులే ఎండాకాలం సైకిళ్లని మోస్తాయి. నేర్పేవాళ్లు కూడా మంచు ఉన్నన్నాళ్లు స్కీయింగ్, కరిగాక సైకిల్ నేర్పి ఏడాది గడుపుకుంటారు. వానొస్తే సేద్యం, లేకపోతే కూలి అనే మన లెక్కలాంటిదే. తేడా అల్లా, వాళ్ల చేతిలో మెట్టు మెట్టుగా సంపాదించిన సర్టిఫికెట్ ఉంటుంది. కెనడాలో స్కీ నేర్పేవాళ్ల సంఘం 1938 నుంచే ఉంది.

ఇక మన దేశం సంగతి. 1953 మే 29న టెన్జింగ్ ఎవరెస్టు ఎక్కాడు. ఆ ఊపులోనే నెహ్రూ, బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పూనుకుని 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో పర్వతారోహణ సంస్థ మొదలుపెట్టించారు. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సంస్థ మొదలుపెట్టే ముందు టెన్జింగ్‌నీ, ఇంకొందరు షెర్పాలనీ స్విట్జర్లాండ్‌లోని రోజెన్‌లావీకి, ఆర్నాల్డ్ గ్లాట్‌హార్డ్ అనే గైడు దగ్గరికి శిక్షణకి పంపారు. ఎవరెస్టు ఎక్కొచ్చినవాణ్ణి మళ్లీ బడికి పంపడమేంటి అనిపిస్తుంది కదా? ఎక్కడం వేరు, నేర్పడం వేరు అన్న తెలివి ఆ పనిలో ఉంది. తరవాత 1961లో మనాలీ, 1965లో ఉత్తరకాశీ, 1968లో స్కీయింగ్ కోసం గుల్మార్గ్. ఈ సంస్థలన్నీ హిమాలయాల్లోనే పుట్టాయి, అది సహజమే. కానీ కదిరి పిల్లోడికి డార్జిలింగ్ అంటే మూడు రోజుల రైలు ప్రయాణం, తెలియని భాష, ఇంట్లోవాళ్లకి చెప్పలేని ఖర్చు.

మరి తెలుగువాళ్లలో ఈ దారి ఎలా పడింది? విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదువుకున్న ఉదయ్ భాస్కర రావు అనే యువ ఆర్మీ అధికారి 1985లో ఎవరెస్టు మీద చనిపోయాడు. అదే బళ్లో ఆయన విగ్రహం చూస్తూ పెరిగాడు నెల్లూరు జిల్లా గాంధీజనసంగం ఊరి మల్లి మస్తాన్ బాబు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కలకత్తా ఐఐఎం. ఇన్ని ఉండీ కొండలు పట్టుకున్నాడు. 2006 జనవరి నుంచి జులై మధ్య 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం వదిలాడు. ఈ పనిలో చావు కూడా ఒక లెక్కే అని దాచకుండా చెప్పాలి. ఇంకోటి కూడా చెప్పాలి. మస్తాన్ బాబు దారి ఆయన ఒక్కడే వేసుకున్న దారి. ఆయన చదువూ, ఆయన మొండితనం లేని పిల్లలకి ఆ దారిలో మెట్లు లేవు.

ఆ మెట్లు భువనగిరిలో పడ్డాయి. హైదరాబాదుకి దగ్గర్లో, కోట ఉన్న ఆ ఏకశిల గుట్ట మీద, ఎవరెస్టు ఎక్కొచ్చిన శేఖర్ బాబు బాచినేపల్లి పిల్లలకి రాతి మీద ఎక్కడం నేర్పాడు. సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ తన బడుల పిల్లల్ని అక్కడికి పంపాడు. బాగా ఎక్కినవాళ్లు డార్జిలింగ్ వెళ్లారు, అక్కణ్ణుంచి లడఖ్ చలికి. చివరికి మిగిలిన ఇద్దరు, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. రాష్ట్రం విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. 2022లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. అందరూ ఆ అమ్మాయి వయసు గురించి మాట్లాడతారు. నాకైతే గుట్ట గురించి మాట్లాడాలనిపిస్తుంది. ఆ గుట్ట వందల ఏళ్లుగా అక్కడే ఉంది. కొత్తగా వచ్చింది సారు మాత్రమే.

మంచు లేని చోట మంచు ఆటకి తయారవ్వచ్చా అని అడిగేవాళ్లకి శివ కేశవన్ ఉన్నాడు. ల్యూజ్ అంటే మంచు కాలవలో బల్ల మీద వెల్లకిలా పడుకుని జారే ఆట. మనాలీ దగ్గర పెరిగిన కేశవన్, దేశంలో అలాంటి ట్రాక్ ఒక్కటీ లేక, బల్లకి చక్రాలు బిగించి హిమాలయాల తారు రోడ్ల మీద, లారీల మధ్యలోంచి సాధన చేశాడు. 1998 నుంచి 2018 దాకా ఆరు శీతాకాల ఒలింపిక్స్ ఆడాడు.

ఇక కదిరికొద్దాం (2022లో జిల్లా పేరు శ్రీసత్యసాయి అయింది గానీ ఎండ మాత్రం అదే). నరసింహస్వామి కొండ సంగతి పక్కన పెట్టండి, అది దేవుడిది. చుట్టూ మిగతా గుట్టలు ఎన్ని! గొర్రెలు, మేకలు తొక్కి తొక్కి వేసిన సన్నటి బాటలు ఎన్ని! కొండ సైకిల్‌కి అంతకంటే మంచి బాట డబ్బులిచ్చినా దొరకదు. పులివెందుల వైపు ఘాట్ ఉంది, మదనపల్లె దాటితే 1,265 మీటర్ల హార్స్‌లీ హిల్స్ ఉంది.

"మనకి అలవాటు లేని ఆట" అంటారా? శెనక్కాయ మనదా? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. కదిరిలో పరిశోధనా కేంద్రం ఉండి, ఏళ్ల తరబడి పనిచేసింది కాబట్టి ఈరోజు కదిరి-6 అంటే వేరే రాష్ట్రాల రైతులకీ తెలుసు. టెన్నిస్ మనదా? 2010లో ఆర్.డి.టి., రఫెల్ నడాల్ ఫౌండేషన్ కలిసి అనంతపురంలో పల్లె పిల్లలకి టెన్నిస్ బడి తెరిచాయి. ఆట ముందు రాలేదు, బడి ముందు వచ్చింది. మన బస్సులు పొద్దుగూకులూ తిరిగే కర్ణాటకలో జనరల్ తిమ్మయ్య పేరున సాహస క్రీడల అకాడమీ పెట్టుకుని రామనగరం, బాదామి రాళ్లని వాడుకుంటున్నారు. మన రాయి వాళ్ల రాయికి ఏం తీసిపోయింది?

ఇప్పటికిప్పుడు ఒక పిల్లోడు ఈ దారిన పోవాలంటే నేను చెప్పేది ఇది. చదువు ఆపొద్దు. దగ్గర్లోని రాయి మీద మొదలుపెట్టు. తరవాత ప్రభుత్వ సంస్థల్లో నెల రోజుల బేసిక్ కోర్సు, అందులో ఏ గ్రేడు వస్తే అడ్వాన్స్‌డ్, అందులోనూ ఏ గ్రేడు వస్తే నేర్పే పద్ధతి మీద కోర్సు. ఆ మూడోదే ముఖ్యం, కూడు పెట్టేది అదే. స్కీయింగ్‌కి గుల్మార్గ్, మనాలీ. పక్కనే ప్రథమ చికిత్స, సైకిల్ రిపేరు నేర్చుకో. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క ఆటగాడు ఆరిఫ్ ఖాన్ వాళ్ల నాన్నది గుల్మార్గ్‌లో స్కీ సామాన్ల కొట్టు. అంటే ఒలింపిక్స్‌కి ముందు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆ కొట్టే.

నేను కదిరికి ఒలింపిక్ పతకం అడగడం లేదు. ఒక గుట్ట, పది తాళ్లు, ఇరవై హెల్మెట్లు, గేర్ల సైకిళ్లు ఓ పది, నెల నెలా జీతం అందే ఒక్క సారు. ఇరవై మంది నేర్చుకుంటే ఇద్దరు మంచుకొండలదాకా పోతారేమో. మిగిలినవాళ్లలో ఒకడు తిరిగొచ్చి పక్క గుట్ట మీద తాడు కడితే చాలు. మీ ఊరి పక్క గుట్టకి ఆ సారు దొరికితే నాకూ చెప్పండి, శని ఆదివారాలు హెల్మెట్ పెట్టుకుని నేనూ వస్తా.