దూదేకే విల్లుకి పట్టా లేదు

కరువు చరిత్రని శిస్తు లెక్కల్లో వెతికితే రైతు కనిపిస్తాడు. మా దూదేకులవాడు కనిపించడు.

1832-33లో గుంటూరు సీమని డొక్కల కరువు కాల్చేసింది. 5 లక్షల జనంలో లక్షన్నరకు పైగా పోయారు. ఓపికున్నవాళ్ళు మద్రాసు దారి పట్టారు. దొరలకి నీళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి! 1855కి బెజవాడ ఆనకట్ట లేచింది, డెల్టా మాగాణయింది.

మాగాణికీ గండం తప్పలేదు. 1929 తర్వాతి మాంద్యంలో వడ్ల ధర సగానికి పడింది. నిడుబ్రోలు రంగా గారు రైతుల్ని కూడగట్టారు. 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేసింది. మంచిదే. కానీ వ్యవసాయదారుడంటే ఎవరు? భూమి మీద హక్కో కౌలో ఉన్నవాడు. వడ్లు అమ్ముడుకాని ఇంట్లో పరుపు ఎవరు కుట్టించుకుంటారు? రైతు నష్టం దూదేకులవాడి గడప దాకా వచ్చింది. రైతుకిచ్చిన ఊరట రాలేదు.

మరి ఎలా బతికారు? విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగారు. కూలి గింజల్లో పుచ్చుకున్నారు. 2006లో వారధి వచ్చేదాకా పెనుమూడి రేవులో పడవెక్కితేనే అవతల పులిగడ్డ, దివిసీమ. ఇంట్లో తెలుగే మాట్లాడే వీళ్ళని ఊరు సాయిబులంది. మా ఉర్దూ ఇళ్ళేమో సాయిబులే కాదన్నాయి. కష్టకాలంలో ఏ గడపని ఆదుకోమని అడగాలి?

ఫోము పరుపులొచ్చాక విల్లు అటకెక్కింది. యంత్రం కొనగలిగినవాళ్ళు కొట్టు పెట్టుకున్నారు. మిగతావాళ్ళు నాట్లకీ కోతలకీ కూలికెళ్ళారు, అదే మాగాణిలోకి.