అసలు రాబట్టే లెక్క

20 శాతం తగ్గింపు పోను చీరకు 800 రూపాయలు పుచ్చుకున్నారు. అసలు వెల ఎంత? 800లో 20 శాతం 160, అది కలిపితే 960 అనేవాళ్లే ఎక్కువ. సరైన జవాబు 1000. తగ్గించింది వెయ్యిలో అయిదో వంతు. మిగిలిన ఎనిమిది వందలకు తిరిగి కలపాల్సింది మాత్రం నాలుగో వంతు. అయిదు కాస్తా నాలుగెలా అయింది? ఈ లెక్క ప్రాణమంతా అక్కడే ఉంది. చరిత్రలో చాలామంది అక్కడికి రాకుండా పక్కదారిన వెళ్లారు.

పక్కదారిన వెళ్లినవాళ్లలో పాతవాడు ఈజిప్టు లేఖకుడు అహ్మెస్. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఇంకా పాత ప్రతిని చూసి అతను రాసిన పపైరస్ చుట్ట ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో 24వ లెక్క: ఒక రాశికి దాని ఏడో వంతు కలిపితే 19 అయింది, ఆ రాశి ఎంత? అహ్మెస్ ముందు 7 అనేసుకున్నాడు. దానికి ఏడో వంతు కలిపితే 8. కావలసింది 19. కనుక 8ని ఎన్ని రెట్లు చేస్తే 19 వస్తుందో చూసి, 7ను కూడా అన్ని రెట్లు చేశాడు. పదహారు, ఒక అర, ఒక అర్ధపావు వచ్చింది. తప్పని తెలిసీ ఒక సంఖ్య అనుకుని, దాన్ని సాగదీసి నిజం రాబట్టడం ఈ పద్ధతి. మన గణిత గ్రంథాల్లో ఇష్టకర్మ అన్నది ఇదే.

నిజంగా వెనక్కి నడవడం ఆర్యభటీయంలో కనిపిస్తుంది. 499 నాటి ఈ గ్రంథం గణితపాదంలో ఒక్క శ్లోకం దీనికి కేటాయించింది: గుణించినచోట భాగించు, భాగించినచోట గుణించు, కలిపింది తియ్యి, తీసింది కలుపు. 628లో బ్రహ్మగుప్తుడు వర్గానికి వర్గమూలాన్ని, వర్గమూలానికి వర్గాన్ని చేర్చాడు. ఇంత చక్కని సూత్రమూ మన చీర దగ్గర సరిపోదు. తగ్గించిన 200 విడిగా తెలిస్తే కలిపేయవచ్చు. తెలిసింది శాతమే. అదేమో ఇంకా దొరకని అసలులో శాతం.

ఈ చిక్కు విప్పింది భాస్కరాచార్యుడు. 1150లో రాసిన లీలావతిలో ఆయన వెనక్కి నడిచే ఆ పాత పద్ధతికి, అంటే విలోమవిధికి, ఒక ముక్క అతికించాడు: రాశికి దాని భాగమే కలిసి ఉంటే హారానికి లవాన్ని కలుపు, తీసేసి ఉంటే హారంలోంచి లవాన్ని తియ్యి, లవాన్ని మాత్రం ముట్టుకోకు. చీరకు తీసింది 1/5. హారం 5లోంచి 1 తీస్తే 4. కనుక 800కు కలపాల్సింది 1/4. అంతే! నాకు తెలిసి ఇంత పొదుపుగా ఈ సంగతి చెప్పిన పాఠ్యపుస్తకం లేదు.

సూత్రం చెప్పి ఊరుకోలేదు, దానికి తగ్గ లెక్క కూడా ఇచ్చాడు. ఒక సంఖ్యను 3తో గుణించి, వచ్చినదానికి దాని ముప్పాతిక కలిపి, 7తో భాగించి, అందులో మూడో వంతు తీసేసి, వర్గం చేసి, 52 తీసి, వర్గమూలం కట్టి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వచ్చింది. మొదటి సంఖ్య ఏది? చివరి నుంచి రండి. 2, 20, 12, 144, 196, 14. ఇక్కడ ఆగాలి. 14 అన్నది మూడో వంతు తీశాక మిగిలింది, కాబట్టి దీనికి సగం కలపాలి: 21. ఏడు రెట్లు 147. ఇందులో ముప్పాతిక కలిసి ఉంది, కాబట్టి ఏడింట మూడు వంతులు, అంటే 63 తీయాలి: 84. మూడోవంతు 28. పిల్లలు తడబడేది ఆ రెండు మెట్ల దగ్గరే. ఆయన కావాలనే పెట్టాడనిపిస్తుంది.

నూటికి ఇంత అనడం మాత్రం వడ్డీవ్యాపారంలో అంతకుముందు నుంచీ ఉంది. నూరు పణాలకు నెలకు ఒకటింపావు పణం ధర్మవడ్డీ అనీ, వర్తకంలో అయిదు, అడవిదారి వర్తకులకు పది, సముద్రయానం చేసేవారికి ఇరవై అనీ అర్థశాస్త్రం చెబుతుంది. అన్నీ నెలసరి లెక్కలే. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే ఇప్పటికీ నెలకు నూటికి రెండే, ఏడాదికి 24 శాతం. లీలావతిలోనూ అదే వాడుక. నూటికి అయిదు చొప్పున ఏడాదికి అసలూ వడ్డీ కలిసి 1000 అయితే, దేనికది ఎంత? ఏడాదికి నూటికి 60 కలుస్తుంది, హారం 160 అవుతుంది. వెయ్యిలో 60/160 భాగం 375 వడ్డీ, 625 అసలు.

ఇలా అసలూ వడ్డీ కలిసిపోయిన లెక్కలకు మిశ్రక వ్యవహారమని పేరు. భాస్కరుడికి మూడువందల ఏళ్ల ముందే, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. నూటికి ఇంత అనడం ఎంత పాతదైనా, శాతం గుర్తు చాలా తర్వాతిది. ఇటలీ వర్తకుల రాతల్లో 'నూటికి' అన్న మాట కుదించుకుపోయి, చివరికి రెండు సున్నాల మధ్య ఒక గీతగా మిగిలింది.

ఇప్పుడు ఈ లెక్క ఎక్కువగా పడేది బిల్లుల మీద. పన్ను కలిపిన ధరలోంచి పన్నును విడదీయడానికి 2017 నాటి కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 35వది ఒక సూత్రం ఇచ్చింది: మొత్తాన్ని పన్ను రేటుతో గుణించి, నూరుకు ఆ రేటు కలిపి దానితో భాగించాలి. లవం మారలేదు, హారానికి లవం కలిసింది. భాస్కరుడు చూస్తే తన సూత్రాన్ని పోల్చుకునేవాడు. 18 శాతం పన్నుతో కలిపి బిల్లు 1180 అయితే, 1180ని 18తో గుణించి 118తో భాగిస్తే పన్ను 180. నేరుగా 1180లో 18 శాతం తీస్తే 212 రూపాయల 40 పైసలు. కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా పన్ను విడిపోయే చోట ఇంకో తికమక ఉంది. ఒక్కోదాన్ని విడిగా చూసి 109తో భాగిస్తే 97 రూపాయల 43 పైసలు వస్తుంది. నిబంధన ప్రకారం హారంలో రెండు రేట్లూ కలవాలి. 118తో భాగిస్తేనే చెరి 90 రూపాయలు.