వెన్నులో మరమేకు

ఈ వారం నేను నేర్చుకున్న మాట "మరమేకు". స్క్రూకు తెలుగు పేరు. ఇంట్లో అందరూ స్క్రూ అనే అంటారు, నేనూ అదే రాస్తాను. వెన్నెముకలో స్క్రూ ఎక్కడ వెయ్యాలి? సర్జన్లకు ఇది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

నేను ఉండేది టెక్సాస్‌లో. కథ కొంత ఇక్కడిదే. 1891లో ఇక్కడి సర్జన్ బర్తోల్డ్ హాడ్రా, మెడ విరిగిన రోగికి పూసలను తీగతో కట్టాడు. 1944లో డాన్ కింగ్, పూసల వెనక ఉండే చిన్న కీళ్లలో పొట్టి స్క్రూలు వేశాడు. పొట్టి స్క్రూకు పట్టు తక్కువ. తర్వాత హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్, పోలియో వల్ల వెన్ను వంకరపోయిన పిల్లలకు స్టీలు కడ్డీ, కొక్కేలు పెట్టాడు. భారమంతా చివర్లలోని కొక్కేల మీదే పడేది. అవి ఒక్కోసారి ఊడిపోయేవి.

1959లో కెనడాలో బౌచర్ పొడవైన స్క్రూలను పెడికిల్‌లోకి దింపాడు. పెడికిల్ అంటే పూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే గట్టి ఎముక. ఆకుకు కాడ లాంటిది. ప్రతి పూసకు రెండు ఉంటాయి. 1963 నుంచి పారిస్‌లో రాయ్-కమీ ఈ దారిలోనే స్క్రూలు వేసి ప్లేటుతో కలిపాడు.

ఆయన స్క్రూలు తిన్నగా వెళ్లేవి. తర్వాతి సర్జన్లు వాటిని లోపలికి వాల్చారు. ఏటవాలుగా కొట్టిన మేకు సులువుగా ఊడదు కదా, ఇదీ అంతే. కానీ మరీ లోపలికి వాలితే వెన్నుపాముకు ప్రమాదం. బయటికి జరిగితే పట్టు పోతుంది.

మా నానమ్మ నడుములో ఇలాంటివి నాలుగు ఉన్నాయి. "ఇవి ఎప్పటికైనా విరుగుతాయా?" అని ఆమె నన్ను అడిగింది. అందుకే ఇదంతా తెలుగులో నేర్చుకున్నాను. మనం వంగినప్పుడల్లా స్క్రూ కూడా కాస్త వంగుతుంది. ఆ ఒత్తిడి ఎక్కువగా కడ్డీకి దగ్గరగా, స్క్రూ మెడ దగ్గర పడుతుంది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి తెగుతుంది. స్క్రూ కూడా అలాగే విరగవచ్చు.

అందుకే సర్జన్ పూసల మధ్య ఎముక ముక్కలు కూడా పెడతాడు. నెలలు గడిచేకొద్దీ అవి పూసలను కలిపేస్తాయి. అప్పుడు భారం ఎముక మోస్తుంది. అది అతుక్కోకపోతే ఎంత మంచి స్క్రూ అయినా అలిసిపోతుంది. మరమేకు పని జీవితాంతం మొయ్యడం కాదు, ఎముక అతికేదాకా కదలకుండా పట్టుకోవడం.

ఈ వారం మాటలు: మరమేకు, పూస, కాడ, ఏటవాలు, అతుక్కోవడం.