సింగరేణి ఖాయిలా పడి మళ్లీ ఎట్ల లేచింది?

ధర్మపురిలో గోదావరి ఒడ్డున నిలబడండి. అక్కడి నుంచి నది కిందికి పోతూ గోదావరిఖని, రామగుండం పక్క నుంచి సాగుతుంది. ఆ నేల కింద బొగ్గు ఉంది. మన బంధువుల్లో ఎవరో ఒకరు సింగరేణిలో చేసినవాళ్లే. ఒక కంపెనీ నష్టాల్లో ఉన్నప్పుడు ఖర్చు తగ్గించుకుని కూర్చోవాలా, కొత్తది చేయాలా? దీనికి మన పక్కనే జవాబుంది.

ముందు కొంచెం చరిత్ర. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇప్పుడు 1990లకు వద్దాం. దేశంలో ఆర్థిక సంస్కరణల కాలం. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. భూగర్భ గనుల్లో ఖర్చెక్కువ. బొగ్గు ధర కంపెనీ చేతిలో లేదు, ప్రభుత్వమే నిర్ణయించేది. పైగా వందల సమ్మెలు. ఆ పదేళ్లలోనే రెండుసార్లు కంపెనీ బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. అంటే ఖాయిలా పడ్డ పరిశ్రమల్ని బతికించాలా, మూసేయాలా అని తేల్చే బోర్డు.

మరి ఎట్ల బయటపడింది? అప్పుల విషయంలో కేంద్రం వెసులుబాటు ఇచ్చింది, నిజమే. కానీ అదొక్కటే చాలదు. 1998లో కార్మికులు రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నారు. దాంతో మాట్లాడాల్సింది ఎవరితోనో తేలింది. తర్వాత లాభాల్లో కార్మికులకు వాటా మొదలైంది. కొత్తదనం అంటే మిషన్ ఒక్కటే కాదు ఫ్రెండ్స్, ఇది కూడా కొత్తదనమే.

మిషన్ల సంగతి చూద్దాం. లాంగ్‌వాల్ పద్ధతిలో ఒక యంత్రం పొడవాటి బొగ్గు గోడను చెక్కుకుంటూ పోతుంది. హైడ్రాలిక్ సపోర్టులు పైకప్పును మోస్తూ ముందుకు జరుగుతాయి. వెనక వదిలేసిన కప్పు కూలిపోతుంది. గోదావరిఖనిలో దీన్ని 1980ల్లోనే తెచ్చారు. కష్టకాలంలో ఆ అనుభవాన్ని పారేయలేదు. 2014లో అడ్రియాలలో మరింత పెద్ద లాంగ్‌వాల్ మొదలైంది. 2016లో జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చింది. అక్కడి రిజర్వాయర్ నీళ్ల మీద ఇప్పుడు సోలార్ పలకలు తేలుతున్నయి.

కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుంది. వాటికోసం ఊళ్లు పోయినయి, పొలాలు పోయినయి. కార్మికుల సంఖ్య 40 వేల దగ్గరికి దిగింది. కంపెనీ బతికింది, కానీ తాత చేసిన ఉద్యోగం మనవడికి దొరకడం లేదు. ఈ లెక్క కూడా రాసుకోవాల్సిందే.

చివరగా ఒక్క లెక్క. 2023–24లో లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టారు. మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు. వాటా తగ్గిందని కార్మికులు అడగడం న్యాయమే. బొగ్గు అయిపోయాక ఏంటని కంపెనీ ఆలోచించడమూ అవసరమే. మంచి రోజుల్లో దాచిందే చెడ్డ రోజుల్లో కొత్త పనికి పెట్టుబడి. అయితే ఆ కొత్త పనిలో మన పిల్లలకు చోటుందా అన్నదే అసలు ప్రశ్న.

మీ ఇంట్లో గనిలో చేసిన తాతో, నాయినో ఉంటే, 1990లు ఎట్లుండేవో ఇవాళ అడగండి. మళ్లీ కలుద్దాం.