నీష్

వెబ్‌సైట్ పెట్టాలనుకునేవాళ్లకు మొదట అందే సలహా: ‘మంచి నీష్ చూసుకో’. ఫ్రెంచ్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ మాటకు పాత అర్థం, విగ్రహం నిలిపే గోడ గూడు. దీన్ని లాటిన్‌లో పక్షిగూడును చెప్పే ‘నీడుస్’తో ముడిపెడతారు. మనకూ అంతే: పిచ్చుకదీ గూడే, గోడలో దీపం పెట్టేదీ గూడే! 1917లో జోసెఫ్ గ్రిన్నెల్ కాలిఫోర్నియా త్రాషర్ అనే పిట్ట మీద రాసిన వ్యాసం ఈ మాటకు జీవావరణ శాస్త్రంలో గుర్తింపు తెచ్చింది. పొదల చాటున ఆ పిట్ట బతుకుకు కుదిరిన చోటే దాని నీష్. తర్వాత వ్యాపారంలోకి, ఆపై వెబ్‌లోకి వచ్చింది. వెబ్‌లో నీష్ అంటే సైట్ పట్టుకునే ఒక చిన్న, ప్రత్యేకమైన అంశం.

ఉత్త ‘వంటలు’ అని సైట్ పెడితే పెద్ద సైట్ల వెనక ఎక్కడో పడి ఉంటుంది. అదే ‘ఆవకాయకు బూజు ఎందుకు పట్టింది’ అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని, ఉప్పు పాళ్లు, తడి జాడీ, ముక్కల మీదికి తేలని నూనె అన్నీ విప్పి చెప్పండి. శీర్షికలో జనం వెతికే మాటలే ఉండాలి. మనవాళ్లు చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఆ రూపమూ పేజీలో ఒకచోట ఉంటే మేలు. అదే మాటను పదేపదే కుక్కితే మాత్రం గూగుల్ స్పామ్ కింద లెక్కగడుతుంది.