వెనక్కి తిరిగి చూడని పంతులు గారు

టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒకసారి కాదు, మూడుసార్లు కూలారు. మొదట పత్రిక పోయింది, దానితోపాటు కష్టార్జితమంతా పోయింది. తర్వాత మద్రాసు ప్రభుత్వం పోయింది. ఆఖరికి ఎనభై రెండో ఏట, కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రపు ముఖ్యమంత్రి పదవి ఒక్క ఓటు తేడాతో పోయింది. మూడుసార్లూ శత్రువులు గోతులు తవ్వారని ఆయన అభిమానులు అంటారు. గోతులు తవ్వినవాళ్ళు ఉన్న మాట నిజమే. కానీ ఆయన నడిచిన తీరు చూస్తే, గొయ్యి లేకపోయినా ఎక్కడో ఒకచోట పడేవారనిపిస్తుంది. ఆ నడకే ఆయన్ని అంత ఎత్తుకు తీసుకెళ్ళింది కూడా. ఈ గాథలో నాకు మింగుడుపడని సంగతి అదే.

ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆ రోజుల్లో బ్రాహ్మణ వితంతువు పదిమందికి అన్నం వండి, డబ్బు తీసుకుని బతకడమంటే ఊరి నోళ్ళలో నానడమే. కుర్రవాడు చదువు కంటే నాటకాల మీద, వీధి తగాదాల మీద ఎక్కువ మోజుపడ్డాడు. చెడిపోవాల్సిన పిల్లవాడు చెడిపోకుండా నిలిచాడంటే ఆ పుణ్యం ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారిది. మాస్టారు రాజమండ్రికి మారుతూ శిష్యుణ్ణీ వెంటబెట్టుకుపోయారు.

రాజమండ్రిలో ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు. చేతినిండా కేసులు, చేతినిండా డబ్బు. ముప్పై ఒకటో ఏట మునిసిపల్ ఛైర్మన్ కుర్చీ ఎక్కారు. అక్కడి వర్గాల పోరులోనే ఆయన రాజకీయం నేర్చారు. ఎవరు ఎటు ఉన్నారో, ఎవరిని ఎలా ఇటు లాక్కోవాలో ఆ వయసులోనే తెలిసిన మనిషి. ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత ఆయన్ని కూలదోసింది సరిగ్గా ఈ విద్య తెలిసినవాళ్ళే. పంతులు గారికి తలలు లెక్కపెట్టడం రాదని తర్వాత చాలామంది అన్నారు. వచ్చు. వచ్చి వదిలేశారు.

సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు. ఆ గడప దాటాలంటే బారిస్టరు కావాలి. 1904లో ఆయన ఇంగ్లండుకు ఓడెక్కారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి మరీ వెళ్ళారు. ఆ మాటలో మద్యం సంగతి యాభై ఏళ్ళ తర్వాత ఎంత వింతగా తిరగబడిందో ముందు ముందు చెబుతాను. 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. దొరలూ తమిళ వకీళ్ళూ ఏలుతున్న హైకోర్టులో ఒక తెలుగు బారిస్టరు పెద్ద పేరు తెచ్చుకోవడం అప్పటికి కొత్త. అదే ఏడు జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యసిస్తే, అధ్యక్షత వహించడానికి జంకినవాళ్ళు జంకారు, ఈయన వెళ్ళి కూర్చున్నారు. కలెక్టర్ ఆష్ హత్య కేసులో ముద్దాయిల తరఫున వాదించినవారిలోనూ ఈయన ఉన్నారు. ఫీజులు కుప్పలుగా వచ్చాయి. ఇళ్ళు, భూములు, బండ్లు సమకూరాయి. ఇవాళ పిల్లలకు ‘పైకి రావడం’ అంటే ఏమిటో చెప్పేవాళ్ళు ఈ కథను ఇక్కడ ఆపేస్తే బ్రహ్మాండంగా ఉంటుంది.

1921లో స్వాతంత్ర్యోద్యమం కోసం ఆయన ప్రాక్టీసు వదిలేశారు. సగం వదల్లేదు, మొత్తం వదిలేశారు. అదే ఏడు ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. అదీ ఒక భాషలో కాదు: ఇంగ్లీషు, తెలుగు, తమిళం, మూడింటిలోనూ. పత్రిక నడపడం తెలిసినవాళ్ళెవరైనా ముందు ఒక భాషలో నిలదొక్కుకుని తర్వాత రెండోది చూసుకుందామనేవారు. పంతులు గారికి ‘ముందు చూద్దాం’ అనేది పడదు. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి గట్టి కలాలు అక్కడ పనిచేశాయి. నెలల తరబడి జీతాలు అందకపోయినా ఆయన మీది మమకారంతో బల్లలు వదలని పాత్రికేయులున్నారు. ప్రకటనలిచ్చే కంపెనీలు చాలావరకు దొరలవి. పత్రికేమో దొరల్ని రోజూ ఉతికేది. లోటు పూడ్చడానికి బారిస్టరుగా కూడబెట్టింది ఒక్కొక్కటిగా కరిగింది. 1930లో ప్రభుత్వం భారీ ధరావతు అడిగి నోరు నొక్కింది. గాంధీ-ఇర్విన్ ఒప్పందం తర్వాత పత్రిక మళ్ళీ ఊపిరి పీల్చింది, డబ్బు లేక మళ్ళీ ఆగింది. 1935లో ఇంకోసారి లేపబోయారు, లేవలేదు. ఒకప్పుడు మద్రాసు హైకోర్టులో గట్టిగా సంపాదించిన మనిషి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఇంత జరుగుతున్నా జనం దృష్టిలో ఆయన ఎదుగుతూనే ఉన్నారు. 1928 ఫిబ్రవరి 3 సంగతి తెలియని తెలుగువాడుండడు. సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర ప్యారీస్ కార్నర్‌లో పోలీసు కాల్పులకు ఒక మనిషి నేలకొరిగాడు. ప్రకాశం శవాన్ని చూడడానికి బయల్దేరారు. తుపాకులు అడ్డొచ్చాయి. అడుగు ముందుకేస్తే కాలుస్తామన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఐదేళ్ళు. చొక్కా విప్పి రొమ్ము చూపి, కాల్చదలిస్తే కాల్చమన్నారు. తుపాకులు పక్కకు తప్పుకున్నాయి. ఆంధ్రకేసరి అని జనం పిలుచుకున్నది ఈ గుండెనే. మన పాఠ్యపుస్తకాలూ ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయాయి. ఆ ధైర్యానికి ఎవరూ వంక పెట్టలేరు. కాకపోతే ఆ రోజు వీధిలో ఆయన ఎవరినీ సంప్రదించాల్సిన పని లేదు, ఎవరి ఓటూ అక్కర్లేదు, వెనక ఎవరున్నారో చూసుకోవాల్సిన అవసరం లేదు. తాను ముందుకు నడిస్తే చాలు. ఆ పద్ధతి ఒకసారి అంతగా నెగ్గాక మనిషి దాన్ని వదులుకోవడం కష్టం. నాకు తెలిసి ఆయన మళ్ళీ ఎన్నడూ వదులుకోలేదు.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులు. జమీందారీ గ్రామాల రైతుల గోడు ఊరూరా విని, భూమి మీద హక్కు రైతుదేనని 1938లో నివేదిక తేల్చింది. ఆయన జీవితంలో అత్యంత శ్రద్ధగా, ఓపికగా జరిగిన పని బహుశా ఇదే. చట్టం కాకముందే, 1939 అక్టోబరులో, యుద్ధం కారణంగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అప్పటికి మద్రాసు ప్రధాని కుర్చీలో ఉన్నది ఇంకొకరు.

ఆ కుర్చీ ఆయనకు 1946 ఏప్రిల్ 30న దక్కింది. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. కాంగ్రెసు అధిష్ఠానం రాజాజీని కోరుకుంది. గాంధీజీకైతే ప్రకాశం పేరే రుచించలేదు. జనం అభిమానంతో ఇచ్చిన పర్సు సొమ్మును పంతులు గారు సొంత ఖర్చులకు వాడుకోవడం ఆయనకు తప్పనిపించింది. ఆస్తంతా దేశానికి ధారపోసినవాడు ఆ దేశమిచ్చిన నాలుగు డబ్బులతో బతికితే తప్పేమిటని పంతులు గారి వైపువాళ్ళు అన్నారు. రెండువైపులా న్యాయం ఉన్న తగవు ఇది. అయితే శాసనసభ్యులు గాంధీజీ మాట కాదని ప్రకాశాన్నే ఎన్నుకున్నారు. తమిళ కాంగ్రెసులోని కామరాజ్ వర్గం రాజాజీ మీది కోపంతో ఇటు మొగ్గింది. అంటే ఆ బలంలో సగం ఆయనది కాదు, అరువుది.

అరువు బలంతో గద్దెనెక్కినవాడు మొదట ఆ బలాన్ని సొంతం చేసుకోవాలి. పంతులు గారు ఆ పని ముట్టుకోలేదు. మద్రాసు రాష్ట్రానికి కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. పల్లెల్లో ఖద్దరు నేయించి జనానికి బట్ట ఇవ్వాలన్నది ఆయన పథకం. ఈ ఒక్క విషయంలో గాంధీజీ ఆయన్ని సమర్థించారు. మిల్లుల వాళ్ళు భగ్గుమన్నారు, వాళ్ళతో సంబంధమున్న శాసనసభ్యులు గొణిగారు. 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను మూకుమ్మడిగా జైళ్ళలో పెట్టారు. తెలుగు కాంగ్రెసులో పట్టాభి సీతారామయ్య, కళా వెంకటరావు వర్గం ఎప్పటినుంచో ఎదురు. ఇప్పుడు కామరాజ్ వర్గమూ చేయి వదిలేసింది. 1947 మార్చిలో, పదకొండు నెలలకే, ప్రభుత్వం పడిపోయింది. ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ వచ్చారు. స్వాతంత్ర్యం ఇంకో ఐదు నెలల్లో రానుండగా, దానికోసం సర్వస్వం పోగొట్టుకున్న మనిషి పదవి లేకుండా పక్కన నిలబడ్డారు.

ఆయన మిత్రులు ఆ పదకొండు నెలల్ని కుట్రల కథగానే రాశారు. కుట్ర ఉంది. కానీ మిల్లుల నిర్ణయం తీసుకునేముందు ఓ పదిమంది శాసనసభ్యుల్ని పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఎందుకు చేస్తున్నానో చెప్పి ఉంటే, అందులో కనీసం కొందరు నిలిచేవారేమో. మంచి పని అనుకుంటే చాలు, చెప్పేశారు. ఒప్పించడమనే మధ్య మెట్టు ఆయనకు కనబడలేదు. చిన్న ఆఫీసుల్లోనూ ఇదే చూస్తుంటాం: పని బాగా తెలిసినవాడు పైకొస్తాడు, పైకొచ్చాక తన పని తాను చేసుకుపోతూనే ఉంటాడు, కింద జనం ఎప్పుడు జారిపోయారో చూసుకోడు.

ఆ తర్వాతి ఐదేళ్ళు త్వరగా చెప్పుకోవచ్చు. కాంగ్రెసు వదిలారు, ప్రజా పార్టీ పెట్టారు, కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో చేరారు. 1952 ఎన్నికల్లో మద్రాసులో కాంగ్రెసుకు 375 స్థానాల్లో 152 మాత్రమే వచ్చాయి. ప్రతిపక్షాల ఐక్య కూటమి ప్రకాశాన్ని నాయకుడిగా నిలబెట్టి, తమ బలమే ఎక్కువని చెప్పింది. గవర్నర్ శ్రీప్రకాశ రాజాజీని పిలిచారు.

1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. పొట్టి శ్రీరాములు గారి ప్రాణం ఖరీదుగా వచ్చిన రాష్ట్రం. మద్రాసు రాలేదు, ఖజానా అంతంతమాత్రం, ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసుకున్నారు. ముఖ్యమంత్రి ఎనభై ఒక్క ఏళ్ళ ప్రకాశం. ఉపముఖ్యమంత్రి నలభై ఏళ్ళు నిండిన నీలం సంజీవరెడ్డి. ప్రభుత్వానికి దన్నుగా నిలిచింది ఎక్కువగా కాంగ్రెసువాళ్ళు, ముఖ్యమంత్రికి సొంత మంది లేరు. మళ్ళీ అరువు బలమే. అయినా పదమూడు నెలల్లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వెలిశాయి. 1952లో గండిపడిన పాత కృష్ణా ఆనకట్ట స్థానంలో బ్యారేజీ పని మొదలైంది. ఆ ముసలి చేతుల్లో పని జరిగింది.

కూల్చింది కల్లు. మద్రాసు ప్రభుత్వం పెట్టిన మద్యనిషేధం ఆంధ్రకు వారసత్వంగా వచ్చింది. తాటిచెట్టు ఎక్కి బతికే గీత కులాల పొట్ట కొట్టిన చట్టమది. దొంగసారా మాత్రం ఊరూరా కాగుతూనే ఉంది. నిషేధం విఫలమైంది, ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. కాంగ్రెసు విధానమేమో నిషేధం. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు, అరెస్టయ్యారు. తల్లికిచ్చిన మాట కోసం ఇంగ్లండు చలిలో కూడా చుక్క ముట్టని మనిషి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, కల్లుగీసేవాడి ఆకలి ఆయన గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది. ఒక నిర్ణయానికి రాకుండా ప్రభుత్వం తాత్సారం చేసింది. జీవితమంతా తొందరపడిన పంతులు గారు తొందరపడాల్సిన ఒక్కచోట ఆగిపోయారు. 1954 నవంబరు 6న అవిశ్వాసం ఓటుకొచ్చింది. అనుకూలం 69, వ్యతిరేకం 68.

ఆ ఒక్క ఓటు ఎవరిదని కర్నూలులో చాలాకాలం లెక్కలు వేశారు. పంతులు గారు వేసినట్టు లేదు. రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సంజీవరెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. సంజీవరెడ్డి ఆపైన రాష్ట్రపతి కూడా అయ్యారు. ఎవరితో ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో తెలిసినవాళ్ళు వాళ్ళు. దాన్ని నేను తక్కువ చేసి చూడను. ప్రభుత్వాలు నిలిచేది అలాంటి వాళ్ళ చేతుల్లోనే. కాకపోతే తుపాకీ ముందు రొమ్ము చూపమంటే వాళ్ళలో ఎంతమంది చూపేవారో నేను చెప్పలేను.

పదవి పోయినా పెద్దాయన ఇంట్లో కూర్చోలేదు. ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో పర్యటిస్తూ వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. ఎనభై నాలుగేళ్ళ మనిషిని ఆ ఎండల్లో తిరగొద్దని చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పే ఉంటారు. వినడం ఆయనకు ఎప్పుడు అలవాటు గనక!

ఆయన రాసుకున్న ‘నా జీవిత యాత్ర’ ఆఖరి భాగాన్ని మంత్రివర్గ సహచరుడు తెన్నేటి విశ్వనాథం పూర్తి చేశారు. ఉద్యోగంలో చేరి, పదిమందికి పెద్దగా ఎదగాలనుకునే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఆ పుస్తకం కొనిపెట్టండి. సైమన్ కమిషన్ పేజీలు వాళ్ళు ఎలాగూ చదువుతారు. రాజమండ్రి మునిసిపాలిటీ పేజీలూ, 1946-47 పేజీలూ పక్కపక్కన పెట్టి చదవమనండి.